పన్నెండో పరిత్యాగ పత్రిక

నాకు ఎవరి మీదా ఊరికే నమ్మకం కుదరదు. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పిల్లవాడు కడుపునొప్పి అంటే వాడి మొహం ఒక నిమిషం చూసి గానీ ఇంటికి పంపేవాణ్ణి కాదు. టమోటాలు కొంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి తడుముతాను. పక్కింట్లో కొత్తగా ఎవరైనా దిగితే, వాళ్లు ఏ ఊరివాళ్లో, ఆ ఊరు ఎందుకు వదిలారో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. "నీతో బజారుకొస్తే తలెత్తుకోలేకుండా అయితాండాది" అంటుంది మా ఇంటామె మణెమ్మ. ఎత్తుకోలేకపోతే దించుకో అంటాను.

ఆళ్లగడ్డలో మా ఇల్లు శిల్పాలు చెక్కే షెడ్ల వెనక వీధిలో ఉంది. పొద్దున్నే ఉలి చప్పుడు మొదలవుతుంది. ఆరేసిన బట్టల మీద రాతి పొడి పడితే మణెమ్మ తిట్టుకుంటూ దులుపుతుంది. మా చర్చి కమిటీకి ఇరవై రెండేళ్లుగా నేనే సెక్రటరీని. పెళ్లిళ్ల పుస్తకం, బాప్తిస్మాల పుస్తకం, మీటింగుల పుస్తకం అన్నీ నా చేతిరాతే. వాటితోపాటు ఇంకో పని కూడా నా నెత్తి మీదికే వచ్చింది. మా వాళ్లలో మొగుడూ పెళ్లాలకు పొసగక, పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడినా కుదరకపోతే, స్టాంపు కాగితం మీద వాళ్ల తెగదెంపులు రాసేది నేనే. పైన నడిమధ్య 'పరిత్యాగ పత్రిక' అని పెద్ద అక్షరాలు, కింద ఇద్దరి సంతకాలు, అయిదుగురు పెద్దల సంతకాలు, చర్చి ముద్ర. అలాంటివి పదకొండు రాశాను. ఒక్కరు కూడా మళ్లీ నా గడప తొక్కి గొడవ పెట్టుకోలేదు. కోర్టుకు పోయినవాళ్లు ఏళ్ల తరబడి తిరుగుతుంటే మన పని ఒక్క పూటలో తేలిపోయిందని పెద్దలు నా భుజం తట్టేవాళ్లు.

పన్నెండోది నా కూతురికే రాశాను.

షాలిని నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. దాన్ని పగిడ్యాల దగ్గరి ఊరి అబ్బాయి అజయ్ కుమార్‌కు ఇచ్చాం. తాగడు, చెయ్యి చేసుకోడు. వాడి జబ్బల్లా ఒక్కటే, కోపం వస్తే మాట్లాడడు. ఆఖరిసారి నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఉండి పెళ్లాంతో ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా పసిపిల్లతో చెప్పించేవాడు. రెండున్నరేళ్ల కిందట షాలిని పాపను ఎత్తుకుని మా ఇంటికి వచ్చేసింది. ఇక్కణ్ణుంచే రోజూ బస్సులో నంద్యాల పోయి డ్యూటీ చేసి వస్తుంది.

మొన్న జనవరిలో పెద్దలు కూర్చున్నారు. అజయ్ ఒక్క షరతు పెట్టాడు. పాప జెస్సికాకు ఏడేళ్లు నిండితే తనకు అప్పగించాలి. షాలిని కుదరదంది. నేను దాన్ని పక్కకు పిలిచాను. "ముందు సంతకం పెట్టు. అప్పటికి వాడే మర్సిపోతాడు. పెండ్లాంతో మాట్లాడనోడు పాపనేం సాకుతాడు" అన్నాను. అది నా మొహంలోకి చూసి, పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. పాపకు ఏడేళ్లు నిండిన దినమున తండ్రికి అప్పగించవలెను అన్న ఆ వాక్యం కూడా నా చేత్తోనే రాశాను. జెస్సికాకు జూన్ పన్నెండుకు ఏడేళ్లు.

ఈస్టరుకు ముందు నలభై రోజులు మాకు లెంటు. ఉపవాసాలు ఉంటాం, చర్చిలో పెళ్లిళ్లు చేయం. ఈ ఏడు లెంటు మొదలైన బుధవారం సాయంత్రం, నేను ఆరాధన నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే షాలిని వచ్చి నిలబడింది.

"నాయనా, నంద్యాలలో లాయరమ్మను కలిసినా."

"ఏందీ?"

"ఆసుపత్రిలో నా పి.ఎఫ్. కాగితాల్లో ఆయన పేరు తీసేసి పాప పేరు పెట్టమన్యా. విడాకులైనాయని నువ్వు రాసిన కాగితం చూపిచ్చినా. ఇది కోర్టు ఆర్డరు కాదు, దీన్నేం చేసుకోవాల అన్యాడు ఆఫీసులో."

"ఆఫీసోనికేం తెలుసు. అయిదుమంది పెద్దలు సంతకాలు పెట్టిన కాగితం అది."

"లాయరమ్మ గూడ అదే మాట చెప్పె."

లాయరు అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. పేరు అడిగితే కమలిని అంది. అహోబిలంలో అర్చకుల ఇంటి ఆడపిల్లట. అహోబిలం అర్చకుల ఇంటి పిల్లకు మన చర్చి పెళ్లి గురించి ఏం తెలుస్తుంది అన్నాను. చట్టం తెలుసు అంది షాలిని. మన సంసారాలు వీధిన పడితే చూసి నవ్వుకోవడానికే ఇలాంటివాళ్లు నల్లకోటు వేసుకుంటారని, కేసు పదేళ్లు తిప్పుతుందని, నేను మనిషిని చూడకుండానే గంటసేపు మాట్లాడాను. మణెమ్మ వంటింట్లోంచి కేక వేసింది.

"ఇంట్లో కూర్చొని అనుమానిచ్చే బదులు, పోయి ఆమె ఎదురుగానే అనుమానిచ్చిరా."

పోయాను. నంద్యాలలో కోర్టుకు వెళ్లే దారిలో, ఒక మందుల షాపు మీద ఆమె ఆఫీసు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా ఉంది. కూర్చోగానే మజ్జిగ తెప్పించింది. వచ్చినవాళ్లకు మజ్జిగ పోసే లాయరును నేను ఎక్కడా వినలేదు. ఇది కూడా ఫీజులో కలుపుతుందేమోనని, ఉపవాసం అని చెప్పి గ్లాసు ముట్టుకోలేదు. షాలిని మాత్రం గటగటా తాగేసింది.

ఆమె నా పత్రికను రెండుసార్లు చదివింది.

"ఎవరు సార్ రాసినారు ఇది?"

"నేనే."

"రాత ఎంత బాగుందో. ఒక్క కొట్టివేత లేదు." నాకు కొంచెం ఛాతీ పొంగింది. "కానీ చెల్లదు సార్."

"ఎందుకు చెల్లదు?"

"పెండ్లి చర్చిలో చట్టప్రకారం జరిగింది. దాన్ని రద్దు చేసే అధికారం జడ్జికే ఉంది. పెద్దలకు లేదు, మీకు లేదు, నాకూ లేదు. దీని మీద వంద సంతకాలున్నా వాళ్లిద్దరూ ఈరోజుకీ మొగుడూ పెండ్లాలే."

నేను షాలిని వైపు చూశాను. అది ముందే విన్న మాట కాబట్టి కిటికీలోకి చూస్తోంది.

కమలిని వేళ్లు మడిచి చెప్పింది. ఇద్దరూ రెండేళ్లకు పైగా విడిగా ఉంటున్నారు కాబట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే కలిసి జిల్లా కోర్టులో అర్జీ వేయవచ్చు. ఆరు నెలలు ఆగి ఇద్దరూ మళ్లీ వచ్చి మా మనసు మారలేదని చెప్పాలి. అప్పుడు జడ్జిగారు విడాకుల డిక్రీ ఇస్తారు. ఈలోగా ఎవరు వెనక్కి తగ్గినా అర్జీ ఆగిపోతుంది. అజయ్ అసలు రానంటే షాలిని ఒక్కతే కారణాలు చూపించి, సాక్ష్యాలు పెట్టి కేసు నడపాలి. అది పొడుగు దారి.

"ఆరు నెలలా? నేను ఒక్క పూటలో తెంచినా" అన్నాను.

"మీరు తెంచలేదు సార్. తెగినట్టు రాసినారు."

ఇంత నిదానంగా మాట్లాడే మనిషిని నమ్మకూడదనుకున్నాను. ఆమె నా పత్రికలో ఒక వాక్యం కింద గోరు పెట్టింది.

"నా భయం దీని గురించి. పాప ఎవరి దగ్గర ఉండాలనేది జడ్జిగారు పాప మంచి చూసి చెప్తారు, ఈ కాగితం చూసి కాదు. అయినా తల్లి ఒప్పుకొని సంతకం పెట్టిందని వాళ్లు దీన్నే పట్టుకుంటారు. అందుకే పాప తల్లి దగ్గరుండేటట్టు, ఆదివారాలు తండ్రి వచ్చి చూసేటట్టు ఆ అర్జీలోనే రాయించుకోవాల. ఆయన్ను ఒప్పించే పని నాది. అంతవరకు నాకు చెప్పకుండా ఎవరూ ఆయనకు ఏమీ రాసియ్యద్దు. ఒక్క చీటీ గూడ."

పెళ్లి సర్టిఫికెట్ అసలుది కావాలంది. జిరాక్సు ఇస్తానన్నాను. అసలుది పెట్టుకుని రేపు మమ్మల్ని బెదిరించదని ఏముంది. మరునాడు నాకు తెలియకుండా షాలిని బీరువాలోంచి తీసుకుపోయి ఇచ్చి వచ్చింది.

ఆమె అజయ్‌కు నోటీసు పంపింది. వాడు మహేష్ అనే లాయరును పెట్టుకున్నాడని తెలిసింది. తర్వాత రెండు వారాలు చడీచప్పుడూ లేదు. ఏమైందని షాలినిని అడిగితే మాట్లాడుతున్నారంట అనేది. ఏం మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, రెండు వారాలు మాట్లాడే మాటలు ఏముంటాయి? నాకు నిద్ర కరువైంది. మూడు రోజులు వరసగా బస్సెక్కి పోయి, కోర్టు ఎదురుగా కమలాక్షమ్మ టిఫిన్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. మణెమ్మతో పెన్షన్ పని అని చెప్పాను.

మూడో రోజు పన్నెండింటికి కమలిని గేటు దాటి వచ్చింది. కోటు చేతి మీద వేసుకుని, ఒక లావుపాటి మనిషితో నవ్వుతూ వస్తోంది. అతని చేతి మీద కూడా నల్లకోటే. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఇద్దరూ బండి అటుపక్క నిలబడి ఒకే ప్లేటులో ఉగ్గాని తిన్నారు. బజ్జీ ఒకటి మిగిలితే ఆమె అతని వైపు జరిపింది. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు పోయాక కమలాక్షమ్మను అడిగాను.

"ఆ లావాయన ఎవరమ్మా?"

"మహేష్ లాయరు గదా. యాడినుంచి వచ్చినావ్ నువ్వు?"

"ఇద్దరూ దోస్తులా?"

"లోపల కొట్లాడతారు, ఈడికొచ్చి కలిసి తింటారు. రోజూ చూస్తాండా."

నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. మా బతుకును ఆ ప్లేటులో పెట్టుకుని ఇద్దరూ పంచుకుంటున్నారనిపించింది. బస్సులో వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. లాయర్లు చెడగొట్టకముందే ఈ పని నేనే తేల్చాలి.

మరునాడు నంద్యాలలో ఒక బస్సు, నందికొట్కూరులో ఒక బస్సు మారి అజయ్ ఊరికి పోయాను.

వాడు గుమ్మంలోకి ఎదురొచ్చాడు. "రా మామా, ఎండన పడి వచ్చినావే" అని చెంబుతో నీళ్లిచ్చాడు. పెళ్లాంతో నాలుగు నెలలు మాట్లాడనివాడు నాతో గంటన్నర మాట్లాడాడు. నా పత్రికను వాళ్ల అయ్యగారికి చూపించాడట. పాస్టరును మేము అయ్యగారు అంటాం. ఇంత పద్ధతిగా రాసిన కాగితం ఆ అయ్యగారు ఇంతవరకు చూడలేదన్నారట.

"మనకు కోర్టులెందుకు మామా. మన పెద్దల మాట మనకు సాలదా? ఆ లాయరు నాకు డిక్రీ డిక్రీ అని చెప్తాండాడు. నీ కాగితం కంటే ఎక్కువనా అది?"

నేను అనాలనుకున్న మాటలన్నీ వాడే అంటున్నాడు. నా జన్మలో ఒక మనిషి మాట అంత సూటిగా గుండెకు తగలడం అదే మొదటిసారి.

"ఈస్టరు అయినాక నాకొక సంబంధం చూస్తాండారు మామా. పెండ్లికి అడ్డం లేదని మీ చర్చి నుంచి ఉత్తరం తెమ్మన్యాడు మా అయ్యగారు. నువ్వది రాసిస్తే పాప సంగతి నేనెత్తను. జెస్సికా మీ కాడనే ఉండనీ."

"మాట మీద నిలబడతావా?"

"నేను మాటలు తక్కువోన్ని. నీకు తెలుసు గదా."

అదీ నిజమే అనిపించింది. చర్చి లెటర్‌ప్యాడూ ముద్రా రెండూ ఎప్పుడూ నా సంచిలోనే ఉంటాయి. ఇంట్లో పెడితే ఎవరు ఏం చేస్తారోనని నా అనుమానం. వాళ్ల అమ్మ అన్నం వడ్డిస్తుండగా, పీట మీద కాగితం పెట్టుకుని రాశాను. వీరిద్దరి వివాహబంధము పెద్దల సమక్షమున పూర్తిగా తెగిపోయినది, పునర్వివాహమునకు ఎట్టి అభ్యంతరము లేదు అని రాసి, సంతకం చేసి, ముద్ర వేశాను. పాప సంగతి నువ్వు కూడా ఒక ముక్క రాసివ్వమన్నాను. "మన మధ్య కాగితాలెందుకు మామా" అన్నాడు. అడిగినందుకు నాకే సిగ్గేసింది.

ఆ సాయంత్రం షాలినితో గొప్పగా చెప్పాను. "ఆ లాయరమ్మను మానిపియ్యి. పాప సంగతి తేలిపోయె. ఇంక భయం లేదు."

"ఎట్ల తేలె?"

"తర్వాత చెప్తా."

అది నన్ను అటూ ఇటూ చూసింది. నన్ను ఎవరైనా అలా చూడటం నాకు అలవాటు లేదు. లాయరును మాత్రం మాన్పించలేదు.

ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం ఇంకా అయిదు రోజులుందనగా కమలిని ఫోన్ చేసి ఇద్దర్నీ రమ్మంది. ఆ రోజు మజ్జిగ తెప్పించలేదు. అజయ్ మహేష్‌ను మాన్పించి, నోటీసుకు తనే రిజిస్టరు పోస్టులో జవాబు పంపాడట. ఆ జవాబును షాలిని చేతికి ఇచ్చింది. షాలిని మొదటి కాగితం చదివింది. రెండోది తిప్పి, చదవకుండానే ఆగిపోయింది.

"నాయనా, ఇది నీ రాత."

నా ఉత్తరం జిరాక్సు అది. ముద్ర కూడా చక్కగా పడింది. మొదటి కాగితంలో వాడు రాసింది ఇంతే. మా వివాహం తెగిపోయిందని అమ్మాయి తండ్రే, చర్చి సెక్రటరీ హోదాలో ధ్రువీకరించారు కాబట్టి నేను ఏ కోర్టుకూ రావలసిన పని లేదు. పత్రికలో ఒప్పుకున్న ప్రకారం జూన్ పన్నెండున పాపను అప్పగించవలెను.

"పాప సంగతి ఎత్తనన్యాడు" అన్నాను.

"ఎవరితో అన్యాడు?" అంది షాలిని.

"నాతోనే."

కమలిని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మహేష్‌గారితో మూడుసార్లు మాట్లాడినా సార్. పాప తల్లి దగ్గరే ఉండేటట్టు రాసిన డ్రాఫ్టు ఆయన చేతికిచ్చినా. డిక్రీ లేకుండా ఇంకో పెండ్లి చేసుకుంటే నేరం అవుతుందని ఆయన గూడ వాళ్ల మనిషికి గట్టిగా చెప్పినారు. సంతకానికి వస్తానని ఒప్పుకున్నాడంట. రెండు రోజులకే రానన్నాడు. ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది."

ఉగ్గాని బండి దగ్గర ఆమె ఇచ్చిన కాగితం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. కూర్చున్న చోట భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది. షాలిని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"జనవరిలో పెట్టమంటే పెట్టినా సంతకం. ఈసారి నన్ను అడక్కుండా నువ్వే పెట్టొచ్చినావ్. లోకమంతా అనుమానిస్తావే నాయనా, ఒక్కసారి నన్ను అడగాలనిపిచ్చలేదా?"

నేను లాయరు వైపు తిరిగి, ఇప్పుడేం దారి అని అడిగాను.

"వాళ్ల చర్చిలో పోయిన ఆదివారం పెండ్లి ప్రకటన మొదటిసారి చదివినారంట" అంది.

అది మా పద్ధతి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి.

"ఆ పెండ్లి ఆగితే ఆయనకు డిక్రీ కావాల్సి వస్తుంది. డిక్రీ కావాలంటే సంతకానికి రావాల. వస్తే పాప సంగతి ఆ అర్జీలోనే రాసుకుంటాం. వాళ్ల అయ్యగారికి నేను లెటరు రాస్తా. కానీ ఆయన దగ్గర మీ చర్చి ముద్రతో ఉత్తరం ఉంది. దాన్ని మీరే వెనక్కి తీసుకోవాల." ఆమె ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపింది. "ఈసారి నేను చెప్తా. మీరు రాయండి."

ఇంకొకరు చెబుతుంటే నేను రాయడం చిన్నప్పుడు బడిలో అయిపోయిందనుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రెండుచోట్ల కొట్టివేతలు పడ్డాయి.

మట్టల ఆదివారం పొద్దున్నే బయల్దేరుతుంటే మణెమ్మ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వు యాడికి?"

"నీ ఎంబడే. నిన్ను ఒక్కణ్ణి ఆ ఊరికి పంపీడానికి నాకు నమ్మకం లేదు. బేగా నడువు."

మేము చేరేసరికి పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ చర్చి చుట్టూ తిరుగుతున్నారు. ఆ అయ్యగారి పేరు బెన్నీ, చిన్న వయసు. నా ఉత్తరం, లాయరు లెటరు రెండూ చేతికిచ్చాను. ఆరాధన అయ్యాక చూస్తానని పుస్తకంలో పెట్టేసుకున్నాడు. ఇప్పుడే చూడాలన్నాను. గంట కొట్టేశారు సార్ అని లోపలికి పోయాడు.

మగవాళ్ల వైపు నాలుగో వరసలో కూర్చున్నాను. ముందు బెంచీలో అజయ్ తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. ఆడవాళ్ల వైపు మణెమ్మ కోసం చూశాను. దాని పక్కన కూర్చున్నామె నన్ను చూసి నవ్వి రెండు చేతులూ జోడించింది. ఒక్క క్షణం పట్టింది గుర్తుపట్టడానికి. రెబెకా. ఆళ్లగడ్డ పిల్లే. తొమ్మిదేళ్ల కిందట దానికి నేను రాసింది ఏడో పత్రిక. తర్వాత ఈ ఊరాయన్ను చేసుకుంది. ఒళ్లో ఒక ఆడపిల్ల, పక్కన మట్ట పట్టుకుని ఒక మగపిల్లవాడు. ఆ పెళ్లికి కూడా అడ్డు లేదని ఉత్తరం రాసింది నేనే.

నేను ఇక్కడ లేచి చెప్పబోయే మాట అజయ్ ఒక్కడి మీద పడదు. ఆ ఒళ్లో పిల్ల మీద కూడా పడుతుంది. ఇంతదూరం వస్తూ ఆ సంగతి నాకు తట్టలేదు. ఆరాధన అయ్యాక అయ్యగారితో చాటుగా మాట్లాడుకుంటే పోతుంది కదా అనిపించింది. చాటుగా మాట్లాడితే, చాటుగానే అజయ్ ఆయన్ను మళ్లీ ఒప్పించుకుంటాడని కూడా అనిపించింది.

బెన్నీ అయ్యగారు ప్రకటనలు చదవడం మొదలుపెట్టాడు. అజయ్ పేరు వచ్చింది, అమ్మాయి పేరు వచ్చింది. "రెండవసారి ప్రకటిస్తున్నాను. అభ్యంతరము గలవారు తెలియజేయవలెను."

ముందు బెంచీ పట్టుకుని లేచాను.

"అభ్యంతరం ఉంది అయ్యగారూ. ఈ పిల్లోనికి పెండ్లాం ఉంది. నా కూతురే. తెగిపోయిందని ఉత్తరం రాసిచ్చింది నేనే. అది తప్పు. తెంచాల్సింది కోర్టు. నేను రాసిన కాగితంతో పెండ్లి తెగదు."

చర్చిలో పిల్లల చేతుల్లోని మట్టలు తప్ప ఏదీ కదల్లేదు. ముందు వరసలోంచి ఒక ముసలి పెద్దమనిషి వెనక్కి తిరిగాడు.

"శాంతయ్య సారూ, అంటే నువ్వు రాసినవేవీ చెల్లవా?"

"ఏదీ చెల్లదు" అన్నాను.

కోర్టు కాగితం వచ్చేదాకా మూడో ప్రకటన చదవనని బెన్నీ అయ్యగారు అందరి ముందూ చెప్పాడు. అజయ్ నా పక్కనుంచే బయటికి పోయాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఈస్టరు అయిన బుధవారం మహేష్‌ను వెంటబెట్టుకుని నంద్యాల వచ్చి అర్జీ మీద సంతకం పెట్టాడు. పాప తల్లి దగ్గర, తండ్రికి ఆదివారాలు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ మళ్లీ రావాలి. అప్పటిదాకా మీరూ అల్లుడూ తండ్రీ కొడుకుల్లా మాట్లాడుకోకండి సార్, అసలు మాట్లాడుకోకండి అంది కమలిని నాతో. జూన్ పన్నెండున జెస్సికా మా ఇంట్లోనే కేకు కోసింది. షాలిని నాతో మాట్లాడుతోంది గానీ, ఇప్పటికీ ఏ కాగితమూ నా చేతికి ఇవ్వడం లేదు.

ఆ ఆదివారం సంగతి ఇంకొంచెం ఉంది. ఆరాధన అయ్యాక మణెమ్మా నేనూ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. రెబెకా పిల్లలిద్దర్నీ తీసుకుని వచ్చింది. వాళ్లాయన దూరంగా బండి దగ్గర నిలబడి మా వైపే చూస్తున్నాడు.

"వందనాలు సార్."

"వందనాలమ్మా."

"నాది గూడ మీరే రాసినారు గదా సార్. లామినేషన్ చేపిచ్చి బీరువాలో పెట్టుకున్యా." పిల్లవాడి నెత్తి మీద చెయ్యి వేసి నిమురుతూ అడిగింది. "అదీ అంతేనా?"

అబద్ధం చెప్పాలని నాలుక దాకా వచ్చింది. నీ సంగతి వేరు అంటే చాలు, ఆమె ఇంటికి పోయి హాయిగా వంట చేసుకునేది.

"అదీ అంతేనమ్మా."

"మరి వీళ్లు?" అంది పిల్లల్ని చూపిస్తూ.

"నాకు తెల్దమ్మా. తెలిసినామె నంద్యాలలో ఉంది. మంగళవారం పొద్దున బస్టాండు కాడ నేనుంటా. మీరిద్దరూ రాండి. ఆ కాగితం గూడ తీసుకరాండి."

రెబెకా నా మొహంలోకి చాలాసేపు చూసింది. తొమ్మిదేళ్ల కిందట పత్రిక ఇచ్చినప్పుడు చదవకుండానే కళ్లకద్దుకున్న పిల్ల అది.

"వస్తాం సార్" అంది. "కానీ ఈసారి మీరేం రాయొద్దు."

"రాయనమ్మా" అన్నాను.